ఏ లోటూ లేకున్నా ముభావం ఎందుకు?

ప్రశ్న: అమ్మ పోయాక పల్లెలో ఒంటరైన నాన్నగారిని హైదరాబాదులో మా ఇంటికి తెచ్చుకున్నాం. ఏ పనీ చెప్పడం లేదు, ఏ లోటూ రానివ్వడం లేదు. అయినా రోజురోజుకూ ముభావంగా మారుతున్నారు. ఎందుకు?

జవాబు: భార్యావియోగం, తెలిసిన ఊరూ ఇరుగుపొరుగూ ఒక్కసారిగా దూరం కావడం ఇందుకు కారణాలు కావచ్చుగాని, ఏ పనీ చెప్పకపోవడం కూడా ఒక కారణమై ఉండవచ్చు. తన దినచర్య తన చేతుల్లోనే ఉందన్న నమ్మకాన్ని మనస్తత్వశాస్త్రంలో నియంత్రణ భావన అంటారు. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో ఒక వృద్ధాశ్రమంలో జరిపిన అధ్యయనంలో, ఒక అంతస్తువారికి నచ్చిన మొక్కను ఎంచుకుని తామే నీళ్లు పోసుకునే బాధ్యతను, సినిమా ఏ రాత్రి చూడాలో తేల్చుకునే స్వేచ్ఛను ఇచ్చి, మరో అంతస్తువారికి మొక్కలిచ్చినా నీళ్లు పోసే పనిని నర్సులకే అప్పగించగా, మూడు వారాల తరువాత మొదటివారిలోనే చురుకుదనం, ఉల్లాసం ఎక్కువగా కనిపించాయి.

అదే ఏడాది వెలువడిన రిచర్డ్ షుల్జ్ అధ్యయనం మరింత ఆలోచింపజేస్తుంది. విద్యార్థులు తమను చూడడానికి ఎప్పుడు వస్తారో ముందే తెలిసిన వృద్ధులు, ఆ వేళను తామే నిర్ణయించుకున్న వృద్ధులు తక్కినవారికంటే ఆరోగ్యంగా, సంతోషంగా ఉన్నారుగాని, ఆ రాకపోకలు ఆగిపోయాక వారి పరిస్థితి దిగజారింది. అందువల్ల కూరగాయలు బేరమాడి తేవడం, ఊళ్లోని పొలం కౌలు లెక్కలు చూడడం వంటి, ఇంటికి నిజంగా అవసరమైన పనులను తండ్రిగారికి అప్పగించి, వాటిలో ఆయన మాటే చెల్లనివ్వడం, నాలుగు రోజుల ముచ్చటగా కాక స్థిరంగా సాగనివ్వడం మేలు. ముభావంతోపాటు ఆకలి, నిద్ర తగ్గి రెండు వారాలకు మించి అలాగే ఉంటే, వయసు ప్రభావమేనని సరిపెట్టుకోక, చికిత్సతో నయమయ్యే డిప్రెషన్ ఉందేమో వైద్యుడి చేత పరీక్ష చేయించాలి.