తల్లి రక్తం నెగటివ్ అయితే కుటుంబం తెలుసుకోవలసినవి

"మీ కోడలిది నెగటివ్ గ్రూపు" అని చెప్పగానే కొందరు పెద్దవాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. ముందుగా ఒక మాట. ఇది రోగం కాదు, ఎవరి దోషమూ కాదు. మన దేశంలో నూటికి సుమారు ఐదుగురు నెగటివ్ గ్రూపువారే. జాగ్రత్తలు తెలిస్తే భయం లేదు. అశ్రద్ధ చేస్తే మాత్రం పుట్టబోయే బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది.

అసలు ఏమి జరుగుతుంది?

ఎర్ర రక్తకణాల మీద ఆర్.హెచ్. అనే పదార్థం ఉంటే పాజిటివ్ అని, లేకపోతే నెగటివ్ అని అంటారు. తల్లి నెగటివ్, తండ్రి పాజిటివ్ అయినప్పుడు బిడ్డ పాజిటివ్ కావచ్చు. కడుపులో ఉన్నంతకాలం తల్లి రక్తం, బిడ్డ రక్తం మామూలుగా కలవవు. మధ్యలో మాయ అడ్డుగా ఉంటుంది. కాన్పులో మాయ విడిపోయేటప్పుడు బిడ్డ రక్తం కొద్దిగా తల్లి రక్తంలోకి చేరుతుంది. తల్లి శరీరం దాన్ని పరాయిదనుకొని యాంటీబాడీలను తయారు చేస్తుంది.

అప్పటికే మొదటి బిడ్డ పుట్టేసి ఉంటుంది కాబట్టి సాధారణంగా ఆ బిడ్డకు ఏమీ కాదు. కాని ఆ యాంటీబాడీలు పోవు. మళ్ళీ పాజిటివ్ బిడ్డ కడుపులో పడితే అవి మాయను దాటి వెళ్ళి బిడ్డ ఎర్ర కణాలను నాశనం చేస్తాయి. బిడ్డకు రక్తం తగ్గిపోతుంది, ఒళ్ళంతా నీరు పట్టవచ్చు. పుట్టిన 24 గంటలలోపే కామెర్లు రావచ్చు. అవి ముదిరితే మెదడు దెబ్బతింటుంది, చెవుడు వస్తుంది. కొందరు బిడ్డలు కడుపులోనే చనిపోతారు.

"మొదటి బిడ్డ బాగానే ఉంది కదా!"

పొరపాటు ఇక్కడే జరుగుతుంది. మా వార్డుకు ఒకామె రెండో కాన్పుకు వచ్చింది. మొదటి కాన్పు పుట్టింట్లో అయింది. అప్పుడు ఇంజెక్షన్ వేశారో లేదో ఎవరికీ తెలియదు, కాగితాలూ లేవు. నెమ్మదిగా అడిగితే, మధ్యలో మూడో నెల గర్భం పోయిందని చెప్పింది. "చెప్పుకునే సంగతా అని ఊరుకున్నాం" అన్నారు ఇంట్లోవాళ్ళు. బిడ్డ పుట్టిన రోజే పచ్చబడింది. లైట్ల కింద ఉంచి, రెండుసార్లు రక్తం మార్చి దక్కించుకున్నాం. "ఒక్క సూదితో పోయేదా సిస్టర్?" అని ఆ తల్లి అడిగింది. అవును, సమయానికి వేయించుకుంటే ఈ కష్టం దాదాపు తప్పేదే.

ఏమి చేయాలి?

1. గర్భం అని తెలియగానే భార్యాభర్తలిద్దరూ రక్తం గ్రూపు చూపించుకోండి. ఇద్దరూ నెగటివ్ అయితే ఈ ఇబ్బంది రాదు.

2. తల్లి నెగటివ్ అయితే యాంటీబాడీలు ఉన్నాయేమో తెలిపే ఐ.సి.టి. పరీక్ష చేయించండి.

3. యాంటీబాడీలు లేకపోతే 28వ వారంలో యాంటీ-డి ఇంజెక్షన్ వేయించండి.

4. కాన్పు కాగానే బిడ్డ గ్రూపు చూస్తారు. బిడ్డ పాజిటివ్ అయితే తల్లికి 72 గంటలలోపు మళ్ళీ ఇంజెక్షన్ వేయాలి. గడువు దాటినా వెంటనే రండి. పది రోజుల వరకు కొంత మేలు ఉంటుంది.

5. గర్భం పోయినా, అబార్షన్ అయినా, ట్యూబులో గర్భం వచ్చినా, నెలలు నిండకముందు రక్తం కనిపించినా, పొట్టకు దెబ్బ తగిలినా 72 గంటలలోపు ఆసుపత్రికి రండి.

ప్రతి గర్భానికీ ఈ జాగ్రత్తలన్నీ మళ్ళీ మొదటి నుండి పాటించాలి.

1968లో ఈ ఇంజెక్షన్ వాడుకలోకి వచ్చింది. ఇది వేయకపోతే పాజిటివ్ బిడ్డను కన్న నెగటివ్ తల్లుల్లో నూటికి సుమారు 16 మందికి యాంటీబాడీలు తయారవుతాయి. 28వ వారంలోనూ, కాన్పు తర్వాతా వేయించుకుంటే వెయ్యికి ఒకరిద్దరికే అలా జరుగుతుంది. ఖర్చని వాయిదా వేయకండి.

యాంటీబాడీలు ముందే ఉంటే?

అప్పుడు ఈ ఇంజెక్షన్ పనిచేయదు. అయినా ఆశ వదలకండి. స్కానింగ్‌తో బిడ్డను గమనిస్తూ, అవసరమైతే కడుపులో ఉండగానే రక్తం ఎక్కించే పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి. డాక్టరు పంపితే ఆలస్యం చేయక వెళ్ళండి.

తల్లి ఓ గ్రూపు అయితే?

బిడ్డ ఎ లేక బి గ్రూపు అయినప్పుడు మొదటి కాన్పులోనే కామెర్లు రావచ్చు. ఇవి ఎక్కువగా తేలికగానే తగ్గుతాయి. దీనికి యాంటీ-డి అవసరం లేదు. కాని బిడ్డ పచ్చబడితే ఎండలో పడుకోబెట్టి ఊరుకోకండి, ఆసుపత్రికి తీసుకురండి.

పెద్దవారికి మనవి

అమ్మాయి పుట్టింటికి వెళ్ళినా, అత్తింటికి వచ్చినా ఆమె కార్డు ఆమెతోనే ఉండాలి. ఇంజెక్షన్ వేసిన తేదీ అందులో రాయించండి. పోయిన గర్భం సంగతి దాచకండి, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కాన్పు అయ్యాక "బిడ్డ ఏ గ్రూపు? తల్లికి ఇంజెక్షన్ వేశారా?" అని మమ్మల్ని అడగండి. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోము.