పరీక్షా ఫలితములు – పంచాయతీ సభ్యుల బాధ్యత

ఏటేటా వేసవిలో ఇంటర్మీడియేట్ ఫలితములు వెలువడగానే గ్రామమున కొన్ని యిండ్లలో సంతోషము, కొన్ని యిండ్లలో మౌనము నెలకొనును. పరీక్ష తప్పిన బాలుడుగాని, బాలికగాని అన్నము మాని, నిద్ర లేక, స్నేహితులను తప్పించుకొని తిరుగుచున్నచో దానిని మొండితనమని త్రోసిపుచ్చరాదు. అది మనోవేదనకు గురుతు కావచ్చును.

అట్టి యింటికి పంచాయతీ సభ్యులు స్వయముగా వెళ్ళవలెను. మందలింపులు, ఇతరులతో పోలికలు మాని, బిడ్డ చెప్పునది ఓపికతో వినవలెను. చనిపోవలెనను తలంపు కలదా యని మృదువుగా అడుగుటవలన కీడు లేదు. మనసు విప్పుటకు అది దారి చూపును. అట్టి తలంపు ఉన్నచో బిడ్డను ఒంటరిగా విడువరాదు. పురుగుమందులను ఇంటినుండి తీసివేయించి, వేరొకచోట తాళము వేయింపవలెను. వెంటనే వైద్యునికి చూపింపవలెను.

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ-మానస్ సేవకు 14416 నంబరున ఫోను చేసినచో రేయింబవళ్ళు ఉచితముగా తెలుగులో సలహా లభించును. పోలీసు కేసు భయముతో చికిత్సను ఆలస్యము చేయరాదు. ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 115వ సెక్షను చెప్పుచున్నది. వారికి కావలసినది సంరక్షణయే, శిక్ష కాదు.

తప్పిన పరీక్షను సప్లిమెంటరీలో మరల వ్రాయవచ్చును. ఈ మాట ఆ బిడ్డకు మొదట గ్రామపెద్దల నోట వినబడవలెను.