ఇంటి ముంగిట రేలచెట్టు: నాటే ముందు చూడవలసినవి

చైత్రం గడిచి వైశాఖం ప్రవేశించేసరికి వేలూరులో ఎండ తన పూర్తి ప్రతాపం చూపుతుంది. తమిళులు 'కత్తిరి' అని పిలిచే అగ్నినక్షత్ర దినాలలో సత్తువాచారి వీధులు మధ్యాహ్నానికే నిర్మానుష్యమవుతాయి. సరిగ్గా ఆ రోజులలోనే ఒక చెట్టు ఆకులన్నీ రాల్చి, కొమ్మకొమ్మకూ బంగారు గుత్తులను వేలాడదీస్తుంది. అదే రేల.

ఆయుర్వేదం ఆరగ్వధమని పేర్కొన్న ఈ చెట్టును ఇక్కడివారు కొన్రై అనీ, సరక్కొన్రై అనీ అంటారు. మలయాళీలకు ఇది కణిక్కొన్న, కన్నడిగులకు కక్కె, హిందీవారికి అమల్తాస్. కేరళ రాష్ట్ర పుష్పం, థాయిలాండ్ జాతీయ పుష్పం రెండూ ఇవే. తమిళ శైవ సాహిత్యంలో శివుడు కొన్రైపూలు ధరించేవాడు. తెలుగునాట కోయల, గోండుల రేలపాటలు మనకు పరిచితమే. కనుక ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలనుండి వచ్చి ఇక్కడ కాపురముంటున్న మనకు ఇది పరాయి చెట్టు కాదు. ఊరు మారితే పేరు మారింది, అంతే.

అయితే ఈ చెట్టు పూతకు రావడానికి ఏళ్ళు పడుతుంది. విత్తనపు మొక్కకు సాధారణంగా నాలుగైదు సంవత్సరాలు, కొన్నిచోట్ల అంతకు మించి పట్టవచ్చు. చోటు చూడక నాటినవారు, తీరా అది పూచే వయసుకు వచ్చాక తీగలకు తగులుతున్నదనో, గోడను ఒత్తుతున్నదనో నరికివేయవలసి వస్తుంది. ఆ దుఃఖం మొదటిరోజు జాగ్రత్తతో తప్పిపోతుంది. ఈ పాఠం అందుకోసమే.

ఏది రేల, ఏది కాదు

నర్సరీలో "పసుపుపూల చెట్టు" అని మాత్రమే అడిగితే మరొక మొక్క చేతికి రావచ్చు. 'సరక్కొన్రై' అని అడగండి. ఆపైన మీ కళ్ళతో సరిచూసుకోండి.

రేల ఆకులు పెద్దవి. ఒక్కొక్క ఈనెకు మూడు నుండి ఎనిమిది జతల వెడల్పాటి రెబ్బలుంటాయి. పూలగుత్తి ద్రాక్షగుత్తి వలె కిందికి వేలాడుతుంది. కాయ కర్రలా గుండ్రంగా, నల్లగా, ఒకటి రెండు అడుగుల పొడవుంటుంది.

పెల్టోఫోరం ఆకు తురాయి ఆకువలె సన్నని రెబ్బలతో ఉంటుంది. పూలు పైకి నిలుస్తాయి. కాయలు చదునుగా, రాగిరంగులో ఉంటాయి. అది విశాలమైన రహదారులకు తగిన మహావృక్షం, చిన్న పెరటికి తగదు.

సెన్నా స్పెక్టాబిలిస్ అనే మూడవది అమెరికా ఉష్ణమండలపు చెట్టు. దాని రెబ్బలు చిన్నవి, జతలు ఎక్కువ; పూలగుత్తులు పైకి నిక్కి ఉంటాయి. అది నీలగిరి, వయనాడు అడవులలో వ్యాపించి, అక్కడి సహజమైన మొక్కలను ఎదగనీయక అటవీశాఖకు పెద్ద సమస్యగా మారింది. దానిని ఇంట నాటవద్దు.

చోటు ఎంపిక

రేల స్వేచ్ఛగా పెరిగితే 30 నుండి 40 అడుగుల ఎత్తుకు చేరుతుంది. కనుక విద్యుత్ తీగల కింద నాటరాదు. ఇంటిగోడకు, నీటి సంపుకు, సెప్టిక్ ట్యాంకుకు కనీసం 12 అడుగుల దూరం పాటించండి. రోజంతా ఎండ తగిలే చోటు కావాలి. నీడలో పూత పలచబడుతుంది. వాననీరు నిలిచే పల్లం పనికిరాదు, వేరు కుళ్ళుతుంది. ప్రహరీ వెలుపల, వీధి అంచున నాటదలచినవారు ముందుగా నగరపాలక సంస్థ అనుమతి పొందండి.

ఇంత చోటు లేకపోతే నిరాశ వద్దు. నూరువరహాలు, మల్లె, నందివర్ధనం వంటి పొదలు చిన్న స్థలంలోనూ, పెద్ద కుండీలోనూ వేసవిలో చక్కగా పూస్తాయి. రేల వేరు లోతుకు దిగేది. దానిని కుండీలో బంధించి ఫలితం లేదు.

నాటే విధానం

తొలకరి తర్వాత, ఆషాఢ శ్రావణ మాసాలు అనుకూలం. ఐప్పసి, కార్తిక మాసాల ఈశాన్య రుతుపవనపు వానలు వచ్చేసరికి మొక్క నిలదొక్కుకుంటుంది. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంత తీసి, తవ్విన మట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. నర్సరీ సంచి చించి, వేరుముద్ద చెదరకుండా దించండి. గాలికి వాలకుండా ఒక కర్ర పాతి వదులుగా కట్టండి.

విత్తనంతో పెంచాలనుకుంటే దాని పైపొర చాలా గట్టిదని గుర్తుంచుకోండి. ఒకవైపు గరుకు కాగితంతో రుద్ది, ఒక రాత్రి నీటిలో నానబెడితే మొలక త్వరగా వస్తుంది.

మొదటి రెండు వేసవులు

ఎదిగిన రేల ఎండకు వెరవదు; పసిమొక్క వెరుస్తుంది. మొదటి రెండు వేసవులలో రెండు మూడు రోజులకొకసారి, సాయంకాలం, వేరు లోతుకు దిగేటట్లు నీరు పోయండి. రోజూ చెంబెడు పోయడం కంటె ఇది మేలు. బియ్యం, కూరగాయలు కడిగిన నీరు వాడవచ్చు, సబ్బునీరు వద్దు. మొదలు చుట్టూ ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది, ఆకులను తగులబెట్టే అవసరమూ తప్పుతుంది. పాదులోగాని, కుండీ కింది పళ్ళెంలోగాని నీరు నిలువ ఉండనీయకండి. డెంగీ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది.

పూత, పురుగు, కాయ

కొమ్మలు కత్తిరించవలసివస్తే పూత ముగిసిన వెంటనే, తేలికగా కత్తిరించండి. వేసవికి ముందు నరికితే ఆ ఏటి పూలను నరికినట్లే.

ఆకులపై ఆకుపచ్చ గొంగళిపురుగులు కనబడితే మందు చల్లడానికి తొందరపడకండి. అవి పసుపుఛాయ గల సీతాకోకచిలుకల పిల్లలు. ఆరోగ్యంగా ఉన్న చెట్టు మళ్ళీ చిగురిస్తుంది.

కాయలోని నల్లని గుజ్జు విరేచనకారి. తియ్యగా ఉన్నదని పిల్లలు నోట పెట్టుకోకుండా చూడండి. రాలిన కాయలను ఏరివేయండి, లేకుంటే అవి మురుగుకాలువకు అడ్డుపడతాయి.

అద్దె ఇంట ఉన్నవారికి

మనలో చాలామందిది అద్దె ఇల్లు. నాటే ముందు యజమానితో మాట్లాడి, చోటు ఇద్దరూ కలిసి చూడండి. మీరు చెప్పకుండా నాటిన చెట్టును మీ తర్వాత వచ్చేవారు కలుపుమొక్క అనుకోవచ్చు. ఇద్దరికీ తెలిసి నాటిన చెట్టుకు మీరు లేకున్నా నీరు పోసేవారుంటారు. మీరు నాటిన చెట్టు పూతను మీరే చూస్తారన్న నమ్మకం లేకపోవచ్చు. నేడు మనం నిలిచే నీడలు కూడా పేరు తెలియనివారు నాటినవే.

గుంత తవ్వే ముందు ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం చెప్పుకోండి:

1. తలపైన తీగలు ఉన్నాయా?
2. గోడ, సంపు, ట్యాంకు 12 అడుగుల దూరంలో ఉన్నాయా?
3. తెచ్చిన మొక్క సరక్కొన్రై అని ఆకు చూసి నిర్ధారించుకున్నారా?
4. రాబోయే రెండు వేసవులు నీరు పోసేది ఎవరు?

నాలుగింటికీ తృప్తికరమైన జవాబు దొరికితే, పార పట్టండి.