చారల జెల్ల

సముద్రతీరమున వలలు విదిలించు చోట పిల్లలు గుమికూడుట సహజము. గోపాలపురము, పూరి మొదలగు ఒడిశా తీరప్రాంతములందు చేపలవేటయే జీవనముగా గల తెలుగు కుటుంబములు పెక్కు గలవు. ఆ యిండ్ల పెద్దలకు జెల్ల ముల్లు క్రొత్త కాదు. అయినను ముల్లు నెరిగినంత మాత్రమున చేప నెరిగినట్లు కాదు. కావున జెల్లలలో విషము గల యొక జాతిని గూర్చి తల్లిదండ్రులకు తెలుపదలచితిమి.

దీని శాస్త్రనామము ప్లోటోసస్ లీనియేటస్. గోధుమ లేక నలుపు వన్నె గల మేనిపై రెండేసి తెల్లని చారలుండుటచే దీనిని చారల జెల్ల యనవచ్చును. నోటి చుట్టును నాలుగు జతల మీసములుండును. తోక పాముతోకవలె సన్నగిలియుండును. ఇది సుమారు 30 సెంటీమీటర్ల వరకు పెరుగును.

ఎర్రసముద్రము, తూర్పు ఆఫ్రికా తీరము మొదలు సమోవా ద్వీపముల వరకు ఇది వ్యాపించియున్నది. పగడపు దిబ్బలయందు, నదీముఖములయందు, తీరపు గుంటలయందు నివసించును. పిల్లచేపలు పగటివేళ నూటికి చేరువగా కలిసి బంతివలె ముద్దకట్టి తిరుగును. పెరిగినవి పగలు రాతి నెరియలలో దాగి, రాత్రి ఇసుకను కెలకి రొయ్యలను, పురుగులను, నత్తలను తినును. జపాను తీరమందలి దీని దగ్గరి జాతి, ఇసుకలోని పురుగు ఊపిరి విడుచుటచే నీటియందు కలుగు స్వల్పమైన ఆమ్లపు మార్పును మీసములతో పసిగట్టునని 2014 సంవత్సరమున శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. చీకటిలో దానికి మీసములే కన్నులు.

వీపు మీద ఒకటియు, ప్రక్కల ఒక్కొక్కటియు, మొత్తము మూడు ముండ్లు గలవు. వాని అంచులు రంపపు పండ్లవలె నుండును. ముల్లును కప్పిన పలుచని చర్మమునందు విషగ్రంథులుండును. ముల్లు గుచ్చుకొనగనే ఆ చర్మము చినిగి విషము గాయమున ప్రవేశించును. ఈ చేప ముల్లుతో వేటాడదు; తన్ను మ్రింగవచ్చిన వాని నుండి కాపాడుకొనుటకే అది దానికి ఆయుధము. కాని చచ్చిన చేప ముల్లు సైతము గుచ్చుకొనును. ఇసుకపై పారవైచిన చేపను పిల్లలు కాలితో తన్నుట, చేత బట్టుట ప్రమాదకరము.

ముల్లు దిగినచో మంట, వాపు, తీవ్రమైన బాధ కలుగును. ఈ విషము వేడికి చెడును. కావున గాయమును కడిగి, ఓర్వదగినంత వేడినీటిలో, 45 డిగ్రీల సెంటిగ్రేడుకు మించకుండ, అరగంట మొదలు గంటన్నర వరకు ముంచియుంచవలెను. గాయపడిన అవయవమునకు వేడి సరిగా తెలియకపోవచ్చును. కావున పెద్దలు ముందుగా తమ చేతితో నీటిని పరీక్షింపవలెను. గాయమును కోయుట, నోటితో పీల్చుట, మట్టి పూయుట తగదు. పిమ్మట వైద్యునకు చూపవలెను. విరిగిన ముల్లు లోపల నిలిచిన పుండు చీము పట్టును. ధనుర్వాతపు టీకా సంగతియు వైద్యుడే నిర్ణయించును.

పాఠశాలలో మేము పటము చూపి చెప్పగలము. వలలోని చేపను చూపి, ముండ్లు ఎచ్చటెచ్చట నున్నవో, ఎట్లు తప్పించుకొనవలెనో చెప్పగలవారు తల్లిదండ్రులే. చెప్పులు లేక తీరమునకు పరుగిడు బిడ్డకు ఈ పాఠము ముందుగా ఇంటనే జరుగుట మేలు.