పూలతోట పెట్టబోవు బిడ్డకు

నస్పూర్



ఇన్నియేండ్లు ఆసుపత్రి వార్డులలో రాత్రింబవళ్లు రోగులను కనిపెట్టుకొనియున్న నీవు, ఇక ఆ కొలువు చాలించి, ఊరిబయటి చెలకలో రసాయనముల జోలికి మిక్కిలిగా పోకుండ చిన్న పూలతోట పెంచవలెనని తలపోయుచున్నట్లు వ్రాసిన జాబు చేరినది. మీ అమ్మ దీనిని వేడుకగా తలచుచున్నది; నేనట్లు తలపను. కాని, ఇకమీదట మనసుకు విశ్రాంతి దొరకునని జాబు చివర నీవు వ్రాసిన మాట మాత్రము నాకు రుచింపలేదు. వడ్లను గాదెలో పోసి ధర వచ్చుదాక నిలుపవచ్చును, పత్తిని ఇంటిలో నింపుకొని బేరమునకు వేచియుండవచ్చును. ఉదయమున కోసిన పువ్వు మాపటికి అమ్ముడుపోనిచో మరునాడు దానిని అడుగువారుండరు. కావున పూలసాగున మొదట నేర్వవలసినది మొక్కను పెంచుట కాదు. ఏ పువ్వు ఏనాడు ఎవరి చేతికి చేరవలెనో ముందుగా నిశ్చయించి, ఆనాటినుండి వెనుకకు లెక్కించుకొని విత్తుట.

మన పండుగలను బట్టియే ఆ లెక్క సాగవలెను. బంతినారు పోసిన 25, 30 దినములకు నాటువేయుటకు వచ్చును. నాటిన 50, 60 దినములకు పూత అందుకొనును. ఆషాఢమున తొలి ఏకాదశినాడు నారు పోసినచో ఎంగిలిపూల బతుకమ్మనాటికి తొలిపూలును, దసరానాటికి నిండుపూతయు వచ్చి, దీపావళి గడచి, కార్తికమున గూడెముగుట్ట సత్యనారాయణస్వామి సన్నిధిని వ్రతములు చేయువారివరకు కోత సాగును. నాటిన నెలకు తల తుంచినచో కొమ్మలు పెక్కులు వచ్చి పూలు హెచ్చును గాని పూత కొంత వెనుకబడును. తుంచదలచిన మడికి పదిదినములు ముందుగానే నారు పోయుము. అధికమాసము నడుమ వచ్చిన యేట ఈ లెక్క యంతయు తప్పును. 2023లో శ్రావణము అధికమైనందున తొలి ఏకాదశికిని దసరాకును నడుమ నాలుగు మాసములకు కొంచెమే తక్కువ గడచినది.

చామంతి త్రోవ వేరు. పగలు కురుచయై రాత్రి దీర్ఘమైనప్పుడే అది మొగ్గ తొడుగును. ఆషాఢమున పిలకలు నాటినను చలికాలము వచ్చుదాక ఆకులే చూపుచుండును. రాత్రివేళ దానిపై వెలుతురు పడినచో, చీకటి తెగిన కారణమున మొగ్గ ఆలస్యమగును, ఒక్కొక్కప్పుడు రానేరాదు. మన బొగ్గు బెల్టులో గనుల ఫ్లడ్‌లైట్లును, కాలనీల వీధిదీపములును తెల్లవార్లు వెలుగుచుండునుగదా! నైట్‌డ్యూటీలు చేసినదానవు, ఒక అమావాస్యరాత్రి ఆ చెలకలో నిలిచి చూడుము. అచట నీ చేతిగడియారములో వేళ కనబడినచో ఆ మడిలో చామంతి వేయకుము, బంతియో కనకాంబరమో వేసికొనుము. బంతి తీసిన మడిలో కనకాంబరము వేయుట మరియు మేలు. బంతివేళ్లనుండి వెలువడు పదార్థము మట్టిలోని నులిపురుగులను అణచును, కనకాంబరమునకు ఆ పురుగులే పరమశత్రువులు. ఎండ 45 డిగ్రీలు దాటు వైశాఖమున నీ చేతిలో పువ్వుండవలెనన్నచో అది మల్లెయే. చలికాలపు చివర కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి నీరు పెట్టిన మల్లె సరిగా పెండ్లిళ్లవేళకు విరగబూయును.

ఇక ఎవ్వరును సాగుగా ఎంచని రెండు పూలగూర్చి చెప్పెదను. తంగేడు మన రాష్ట్రపుష్పమైనది. గునుగు లేనిదే బతుకమ్మ పేర్చుట యనునదే లేదు. అయినను గునుగును కలుపని పీకివేయుదుము, తంగేడును గట్లు చదునుచేయునప్పుడు నరికివేయుదుము. పిమ్మట పండుగపూట ఆ పూలనే బజారులో బేరమాడి కొనుచున్నాము. నీ చెలక గట్లపై తంగేడును, మూలనున్న బీడులో గునుగును విడిచిపెట్టుము. వానికి నీరు అక్కరలేదు, మందు అక్కరలేదు. తేనెటీగలు వచ్చును, గట్టు కోసుకొనిపోదు, బతుకమ్మ తొమ్మిదిదినములు చేతికి డబ్బు వచ్చును. ప్రకృతిసేద్యమని సభలలో వినబడు మాటలకన్న నాకు ఈ గునుగుమడియందే విశ్వాసము హెచ్చు.

జీవామృతము చల్లుదువు గాక, కాని దానిని సర్వరోగనివారణియని నమ్మకుము. విచక్షణ లేక యాంటీబయాటిక్కు మింగినవాని ఒంటిలోని క్రిములు మందుకు లొంగకుండుట నీవు కన్నులార చూచినదే. ఒకే మందు పలుమార్లు కొట్టిన తోటలో తామరపురుగును ఎర్రనల్లియు సరిగా అట్లే మొండికెత్తును. ప్రతి ఉదయము ఆకు అడుగు తిరగవేసి చూచుట, తెగులు మొక్కను కోసిన కత్తెరను స్పిరిటుతో తుడువక మరియొక మొక్కను ముట్టకుండుట, చూచినది చూచినట్లు పుస్తకమున వ్రాసికొనుట నీకు ఎవ్వరును నేర్పనక్కరలేదు. మాయందు పెక్కురు రైతులకు కొరవడినవి ఇవియే.

భూమి విషయము సంగ్రహముగా చెప్పెదను. కొనుటకు గాని కౌలుకు పట్టుటకు గాని ముందు, ఆ సర్వేనంబరు సింగరేణి బొగ్గుగనుల భూసేకరణలో ఉన్నదేమో విచారించుము. ఓపెన్‌కాస్టు గని గాలివాటున నున్న భూమిని వదలుము, ధూళి కప్పిన ఆకు వెలుతురును సరిగా గ్రహింపలేదు, మాసిన పువ్వును ఎవ్వరును కొనరు. తొలియేట ఇరువది గుంటలు చాలును. 60 సెంటీమీటర్ల సాలుల మధ్య 45 సెంటీమీటర్ల ఎడమున నాటినచో అందులో రమారమి 7,500 బంతిమొక్కలు పట్టును. వాని కోతకు తెల్లవారుజామున కూలీలు దొరకుటయే కష్టమని అప్పుడు తెలియును. గ్రాట్యుటీ సొమ్మును పాలీహౌసులో పోయుమని ఎవ్వరైన చెప్పినచో, నమస్కరించి పంపివేయుము.

పూలన్నియు హైదరాబాదు గుడిమల్కాపూరు మార్కెట్టుకు పంపవలెనని ఆరాటపడకుము. అచట ధరను నిర్ణయించునది నీవు కావు. మంచిర్యాలలో దండలు కట్టువారిని, దేవాలయములవారిని, పెండ్లిమండపములు అలంకరించువారిని విత్తుటకు ముందే కలిసి, నెలనెలకు వారికి ఏమి కావలెనో అడిగి వ్రాసికొనుము. కిలోలెక్కన అమ్మినవానికన్న మూరలెక్కన అమ్మినవానికే ఎక్కువ మిగులును; కాలనీలో ఇంటివద్ద నుండు ఇద్దరు ముగ్గురు ఆడవారు నీతో కూర్చుండి కట్టినచో ఆ మిగులు వారికిని నీకును దక్కును.

కలెక్టరేటు మన నస్పూరులోనే యున్నది. ఉద్యానశాఖవారిని కలిసి డ్రిప్పు రాయితీ ఇప్పుడెట్లున్నదో తెలిసికొనుము. మట్టిని, బోరునీటిని పరీక్షకు పంపి, ఆ కాగితములు చేతికి వచ్చిన పిమ్మటనే రాజీనామా ఇమ్ము. అవి రాగానే నకళ్లు నాకు పంపుము.

ఇట్లు,
నీ పెద్దబాపు