మూడో రోజు మూత తీయండి

పచ్చడి మామిడికాయ మన కోసం ఆగదు. మే నెలలో ఒక్క గట్టి వాన పడిందా, కాయ పండుబారుతుంది, ముక్కలో బిగువు పోతుంది. పొద్దున్నే నడవాలన్న నిర్ణయానికీ, చదవాలనుకున్న పుస్తకానికీ, ఊళ్లో ఉన్న మేనత్తకు చేయాల్సిన ఫోనుకూ మనం చెప్పే ‘వచ్చే ఆదివారం’ మామిడికాయ దగ్గర చెల్లదు. అందుకే వాయిదా వేసే అలవాటు ఎలా పోతుందని అడిగే పిల్లలకు ఒకటే చెబుతాను: ఒక జాడీ సంపాదించండి. ఈ ఎండాకాలం మీ చేత్తో ఒక పచ్చడి పెట్టండి.

జాడీ కొనక్కర్లేకపోవచ్చు. సూర్యాపేటలోనో కోదాడలోనో మిర్యాలగూడలోనో మీ అమ్మమ్మ ఇల్లు ఉంటే అటక మీద వెతకండి. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో దాన్ని మర్తబాన్ అంటారు. బర్మాలోని మర్తబాన్ రేవులో ఓడలెక్కిన జాడీలకు ఆ ఊరి పేరే నిలిచిపోయింది. అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి ఉప్పులో ఊరేసి, ఓడ ప్రయాణం కోసం నింపిన మర్తబాన్ల గురించి 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా రాశాడు. సముద్రం మీద నెలల తరబడి తిండిని కాపాడిన ఆ వస్తువు మన అటక మీద దుమ్ము పట్టి ఉంది. దింపండి. లోపలి నునుపు పెచ్చులూడితే, బీటలు వారితే తిండికి వాడొద్దు, మొక్క పెట్టుకోండి. బాగుంటే వేడినీళ్లతో కడిగి రెండు రోజులు ఎండలో బోర్లించండి. అల్యూమినియం, రాగి, ఇత్తడి ఉప్పుకూ పులుపుకూ లొంగిపోతాయి. పింగాణీ లొంగదు.

మా అమ్మమ్మది మిర్యాలగూడ దగ్గరి పల్లె. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే ఊరు. పచ్చడి పెట్టే రోజు వంటింటి గడప దగ్గరే ఆపేది. “చేతులు తడారినయా బిడ్డా?” అని అడిగేది. ఆరినయని చెప్పినా మళ్లీ తుడుచుకోమనేది. అప్పట్లో అదంతా చాదస్తం అనుకున్నాను. ఉద్యోగంలో చేరిన ఏడాది సొంతంగా పచ్చడి పెట్టి, తడి గరిటె ముంచాను. వారానికల్లా తెల్లటి బూజు. రెండు కిలోల కాయలు, ఆ పొడులు, ఆ నూనె మొత్తం పారబోస్తుంటే ఏడుపొచ్చింది. ఆ తర్వాతే లెక్క తెలుసుకున్నాను. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగి, సూక్ష్మజీవులకు అందకుండా పట్టి ఉంచుతుంది. పులుపు వాటిని పెరగనివ్వదు. పైన నిలిచిన నూనె గాలిని ఆపుతుంది. తడి గరిటెతో వచ్చిన నాలుగు చుక్కలు పైపొరలో ఉప్పునూ పులుపునూ పలచన చేస్తాయి. బూజుకు ఆ మాత్రం సందు చాలు. అమ్మమ్మకు ఈ మాటలేవీ తెలియవు, కానీ చేతులు తుడుచుకోమనడం తెలుసు. పెద్దవాళ్లు కారణం చెప్పలేకపోయినంత మాత్రాన కారణం లేదనుకోకండి.

ఇక అసలు సంగతి. బజారులో కాయలు కొట్టించి, టెంకలోని జీడి, పొర తీసి, ముక్కలు తుడిచి, ఉప్పు, కారం, ఆవపిండి, మెంతులు, అల్లం, ఎల్లిగడ్డ, నూనె పట్టించి జాడీకెత్తారు. మూతికి గుడ్డతో వాసెన కట్టారు. ఆ రాత్రే విప్పి చూడాలనిపిస్తుంది. చూడకండి. మూడో రోజు తీయండి. అప్పటికి ఊట పైకొస్తుంది. పొడి గరిటెతో అడుగు దాకా తిరగేసి రుచి చూడండి. ఉప్పు తగ్గితే అప్పుడే కలపాలి, ఆలస్యమైతే పచ్చడి పాడవుతుంది. నూనె ముక్కల పైన తేలకపోతే కాచి, పూర్తిగా చల్లార్చి పోయండి. మళ్లీ వాసెన కట్టి కొన్నాళ్లు దాని జోలికి పోకండి.

మనలో కొందరు గంటకోసారి మూత తీస్తారు. పరీక్షకు చదివే అమ్మాయి పొద్దున రాసుకున్న టైంటేబుల్ సాయంత్రానికే మారుస్తుంది. కొత్తగా కొట్టు పెట్టినవాడు మొదటి రోజు గల్లా చూసి నీరుగారిపోతాడు. ఇంకొందరు మూడో రోజున కూడా తీయరు. మొదలుపెట్టిన పనిని ఒక్కసారైనా రుచి చూడరు, తప్పు దిద్దుకునే అదను దాటిపోతుంది. నాది మొదటి రకం. పచ్చడి పెట్టడం పట్టుబడ్డాకే ఆఫీసు పనిలోనూ ఫలితం చూసే రోజును ముందే నిర్ణయించుకుని, ఆ రోజు దాకా ఓర్చుకోవడం నేర్చుకున్నాను. మీరు ఏ రకమో మీకు తెలుసు.

పచ్చడితోనే ఆగక్కర్లేదు. సూర్యాపేటకు భానుపురి అన్న పాత పేరుంది, ఆ ఎండ గురించి వేరే చెప్పాలా? మేడ మీద ఊరికే కాసిపోయే ఆ ఎండలో నాలుగు వంకాయలో దోసకాయలో తరిగి వరుగులు పెట్టండి. మిరపకాయలకు గాటు పెట్టి, ఉప్పేసిన పుల్లటి చల్లలో నానబెట్టండి. పగలు ఎండలో, రాత్రి మళ్లీ చల్లలో, అది ఇంకిపోయేదాకా. సంక్రాంతి రోజులకు చింతకాయ తొక్కు. దానికి రోలు కావాలి. మిక్సీ బ్లేడుకు గింజకూ కండకూ తేడా తెలియదు. రోట్లో అయితే రోకలి పోటు మన చేతిలో ఉంటుంది. ఉప్పు, పసుపు వేసి కచ్చాపచ్చాగా దంచి దాచండి. అక్కడా మూడో రోజే తీసి గింజలు, ఈనెలు ఏరి మళ్లీ దంచాలి.

ఒకేసారి పాతిక కాయలకు పోవద్దు. ఒక కిలో చాలు. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే వాళ్ల కంచంలో నాలుకకు తగిలేంతే వేయండి. పెట్టిన తేదీ, వేసిన ఉప్పు కొలత ఒక కాగితం మీద రాసి జాడీకి కట్టండి, వచ్చే ఏడాది అదే మీ పుస్తకం.

అమ్మమ్మ జాడీ ఇప్పుడు నా దగ్గరుంది. ఏటా వాసెన తాడు ఒరుసుకుని మెడ చుట్టూ సన్నటి చార పడింది. నిన్ననే కాయలు కలిపి అందులో పెట్టాను. రేపు మూత తీస్తాను.