తొలివి – తుదివి

కళాకృతి జననానికి ఎల్లవేళలా కర్త హృదయంలోని ఉత్సాహమే కారణం కానక్కరలేదు. ఒక్కొక్కప్పుడు తలవని తలంపుగా మీదపడిన బాధ్యత సైతం రచనకు హేతువవుతుంది. యోసెఫ్ స్ట్రాస్ రచించిన మొదటి వాల్ట్జ్ ఇందుకు చక్కని నిదర్శనం.

వాల్ట్జ్ అనేది మూడేసి మాత్రల లయతో సాగే ఐరోపా నృత్యసంగీతం. మన తిస్రగతిని ఎరిగినవారికి దాని నడక సుబోధం. పంతొమ్మిదో శతాబ్దంలో వియన్నా నగరం ఈ సంగీతానికి ఆటపట్టు. స్ట్రాస్ కుటుంబం దానికి పెట్టినది పేరు. తండ్రి యోహాన్ 1849లో మరణించగా, అదే పేరుగల పెద్ద కుమారుడు వాద్యబృంద భారాన్ని వహించాడు.

1827లో జన్మించిన యోసెఫ్ ఇతనికి తమ్ముడు. తండ్రి అతణ్ణి సైనికుణ్ణి చేయదలచాడు. అతడందుకు సమ్మతింపక ఇంజనీరింగు విద్యనభ్యసించాడు. తిరిగే కుంచెలతో వీధులనూడ్చే గుర్రపు బండికి రూపకల్పన చేశాడు.

1853లో ఎడతెరిపి లేని కచేరీల వల్ల యోహాన్ జబ్బుపడ్డాడు. బృందం మూగబోతే కుటుంబానికి జీవనాధారం లేదు. ఇంటివారి మాట కాదనలేక యోసెఫ్ ఆ వేసవిలో నాయకత్వం స్వీకరించాడు. వయొలిన్ చేతబట్టి బృందాన్ని నడపడం స్ట్రాసుల సంప్రదాయం. ఆ నేర్పు అప్పటికి అలవడని యోసెఫ్ చేతికర్రతోనే నడిపించాడు.

నాయకుడు నూతన రచనలను వినిపించాలన్నది నాటి శ్రోతల ఆకాంక్ష. యోసెఫ్ ఒక వాల్ట్జ్‌ను రచించి, ‘తొలివి, తుదివి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఇవే మొదటివి, ఇవే చివరివి అన్న సంకల్పం ఆ పేరులోనే ధ్వనిస్తుంది. ఆగస్టు నెలలో వియన్నా శివారైన హెర్నల్స్‌లో దానిని వినిపించగా, శ్రోతలు మళ్లీ మళ్లీ వాయింపజేసుకున్నారు.

అన్న కోలుకున్నాడు, కాని తమ్ముని సంకల్పం నిలువలేదు. 1854లో యోసెఫ్ మరొక వాల్ట్జ్‌ను రచించి, ‘తుదివాటి తరువాతి తొలివి’ అని పేరు పెట్టాడు. తన ప్రతిజ్ఞాభంగాన్ని తానే చమత్కారంగా ఒప్పుకున్నాడన్నమాట! ఆపైన యంత్రశాస్త్రాన్ని వీడి, వయొలిన్ నేర్చి, సంగీతానికే అంకితమయ్యాడు. 1867లో వైద్యుల నృత్యోత్సవం కోసం రచించిన ‘డెలీరియన్’ వాల్ట్జ్ అతని ఉత్తమ కృతులలో ఒకటి.

1870 జూలైలో, 42 ఏళ్ల వయసులో కన్నుమూసేనాటికి యోసెఫ్ రచనలు 280కి మించాయి. అతడు తుదివని తలచినవి తొలివిగానే మిగిలాయి.